ఇరాన్ వారు అరబ్బులు కారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పశ్చిమాసియా వార్తలు మొదటి పేజీకి ఎక్కినప్పుడల్లా మాకు ఒకే తరహా ఉత్తరాలు వస్తుంటాయి. ఇరాన్‌ను అరబ్బు దేశంగానే ఎంచి అడిగేవి కొన్నయితే, కాదని ఎక్కడో విని రూఢి చేసుకోవడానికి అడిగేవి మరికొన్ని. ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: మా అబ్బాయి చాలా ఏళ్లుగా కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. ఇరాన్ వార్తలు చూస్తూ నేను "ఈ అరబ్బులంతా ఒకటే కదరా" అంటే, "ఇరాన్ వాళ్ల ముందు ఆ మాట అనకు నాన్నా, మండిపడతారు" అన్నాడు ఫోన్‌లో. మతం ఒకటే, రాత ఒకటే, చమురూ ఒకటే. ఇక తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే సరైనది. మీరు చెప్పిన మూడు పోలికలూ పైకి కనిపించేవే కాబట్టి వాటినే వరుసగా చూద్దాము.

అరబ్బు అన్నది మతం పేరు కాదు. అరబ్బీని మాతృభాషగా మాట్లాడుతూ తమను తాము అరబ్బులుగా భావించుకునేవారు అరబ్బులు. మొరాకో నుంచి ఒమన్ దాకా పరుచుకున్న ఆ జనంలో ముస్లింలే అత్యధికులైనా క్రైస్తవులూ ఉన్నారు. అరబ్బులందరినీ ఒకే జాతిగా కూడగట్టాలని పుట్టిన బాత్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన మిషెల్ అఫ్లాక్ డమాస్కస్‌లో పుట్టిన క్రైస్తవుడే. మరోవైపు ప్రపంచంలోని ముస్లింలలో ఎక్కువమంది అరబ్బులు కారు. ఇండోనేసియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, మన దేశం, ఈ నాలుగింటిని లెక్కలోకి తీసుకుంటేనే ఆ సంగతి తేలిపోతుంది.

రాత విషయానికి వస్తే, హైదరాబాదులో వీధుల పేర్ల పలకల మీద కనిపించే ఉర్దూ లిపి కూడా అరబ్బీ లిపి నుంచి వచ్చినదే, అయినా ఉర్దూను అరబ్బీ అని మనమెవరమూ అనము. ఇరాన్ వారి ఫార్సీ సంగతీ అంతే. అరబ్బీ లిపిలో ప, చ, గ వంటి ధ్వనులకు అక్షరాలు లేకపోతే ఫార్సీ రాసేవారు నాలుగు కొత్త అక్షరాలు కల్పించుకున్నారు, ఉర్దూకు అవి అక్కడి నుంచే సంక్రమించాయి. భాషగా చూస్తే ఫార్సీ సంస్కృతానికి దగ్గరి చుట్టం. ఏడును 'హఫ్త్' అనీ, పదిని 'దహ్' అనీ, తల్లిని 'మాదర్' అనీ పిలిచే భాష అది. అరబ్బీ ఏమో హీబ్రూ కుటుంబానికి చెందినది. అందులో క్రియకు సైతం స్త్రీ పుంలింగ భేదం ఉంటుంది, ఇద్దరి గురించి చెప్పడానికి ప్రత్యేకంగా ద్వివచనం ఉంటుంది. ఫార్సీలో ద్వివచనం లేదు సరికదా, అతడన్నా ఆమె అన్నా ఒకే సర్వనామం. ఫార్సీ నిండా అరబ్బీ మాటలు ఉన్న మాట నిజమే గానీ, సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా తెలుగు ద్రావిడ భాష కాకుండా పోనట్టే, ఆ మాటల వల్ల ఫార్సీ అరబ్బీ అయిపోదు.

చమురు అనగానే మనకు అరబ్బు షేకులు గుర్తుకు వస్తారు గానీ, ఆ ప్రాంతమంతటిలో వ్యాపారానికి సరిపడా చమురు మొట్టమొదట పడింది ఇరాన్‌లోని మస్జిదె సులేమాన్ దగ్గర, 1908లో. కువైట్‌లోనూ సౌదీ అరేబియాలోనూ అంతటి నిక్షేపాలు బయటపడింది 1938లో. చమురు ఎగుమతి దేశాల సంస్థ ఒపెక్‌ను 1960లో బాగ్దాద్‌లో స్థాపించిన అయిదు దేశాల్లో ఇరాన్ ఒకటి. 1945లో కైరోలో ఏర్పడి నేడు 22 సభ్యదేశాలున్న అరబ్ లీగ్‌లో మాత్రం ఇరాన్ ఏనాడూ లేదు.

దుస్తులను బట్టి పోల్చుకోవచ్చునా అంటే, కొంతవరకే. తెల్లని పొడవాటి దిష్‌దాషా, తలమీద గుడ్డ, దానిపై నల్లని చుట్టు గల్ఫ్ అరబ్బుల వేషం. టెహరాన్ వీధుల్లో మగవారు మామూలు చొక్కా ప్యాంటులోనే తిరుగుతారు. కానీ కువైట్‌లో 'అజమ్' అని పిలిచే ఒక వర్గం ఉంది. వారి పూర్వులు ఇరాన్ తీరం నుంచి వలస వచ్చినవారు, పాతతరం వారు ఇళ్లలో ఫార్సీ యాసలోనే మాట్లాడుకుంటారు, బయట దిష్‌దాషా తొడుక్కుంటారు, కువైట్ పౌరులు. మీ అబ్బాయిని అడగండి: పేటల్లో తందూరు నుంచి తీసి వేడివేడిగా అమ్మే వెడల్పాటి రొట్టెను అక్కడ అందరూ ఇరానీ రొట్టె అనే అంటారు.

ప్రశ్న: ఈజిప్టు, సిరియా కూడా ఒకప్పుడు అరబ్బు దేశాలు కావు. 7వ శతాబ్దంలో అరబ్బు సైన్యాలు గెలిచిన తర్వాత క్రమంగా అరబ్బీలోకి మారిపోయాయి. అవే సైన్యాల చేతిలో ఓడిన ఇరాన్ మతం మార్చుకుని కూడా భాష మార్చుకోకపోవడానికి కారణమేమిటి?
– చరిత్ర ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ఈ విషయమంతటిలో అసలైన ప్రశ్న ఇదే. అందుకే దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇస్తున్నాము.

జరిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకోవాలి. నాలుగు వందల ఏళ్లకు పైగా ఇరాన్‌ను ఏలిన ససానియన్ వంశం 636 ప్రాంతంలో ఖాదిసియ్యా దగ్గర, 642లో నహావంద్ దగ్గర అరబ్బుల చేతిలో ఓడిపోయింది. చివరి చక్రవర్తి మూడవ యజ్దగర్ద్ తూర్పుకు పారిపోతూ 651లో మెర్వ్ దగ్గర హతుడయ్యాడు. అయితే ఆ సామ్రాజ్యపు రాజధాని టెసిఫాన్ నేటి బాగ్దాద్‌కు దగ్గరలోనే, నదుల మధ్య మైదానంలో ఉండేది. ఆ మైదానంలో అప్పటి జనం మాట్లాడినది అరబ్బీకి చుట్టమైన అరామిక్. కూఫా, బస్రాల వంటి సైనిక పట్టణాలు వెలసి అరబ్బులు అక్కడ పెద్దసంఖ్యలో స్థిరపడడంతో, ఆ నేల అరబ్బీలో కలిసిపోయింది. అదే నేటి ఇరాక్. జాగ్రోస్ కొండలు దాటి పీఠభూమి మీదికి వెళితే పరిస్థితి వేరు: అక్కడికి వెళ్లి స్థిరపడిన అరబ్బులు తక్కువ, స్థానికులు ఎక్కువ. ఈశాన్యాన ఉన్న ఖొరాసాన్‌కు వెళ్లిన అరబ్బు కుటుంబాలే కొన్ని తరాల్లో ఫార్సీ మాట్లాడసాగాయి.

రెండవ కారణానికి చరిత్ర పుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదని మా అభిప్రాయం. అది లెక్కలు రాసేవారి కథ. గెలిచినవారికి పన్ను వసూలు చేయడం కావాలి, ఏ ఊరి శిస్తు ఎంతో తెలిసినది దబీర్లు అనబడే పాత లేఖకులకే. అందుచేత ఇరాక్‌లో శిస్తు లెక్కలు విజయం తర్వాత కూడా అర్ధశతాబ్దానికి పైగా పారశీక భాషలోనే సాగాయి. 697 ప్రాంతంలో గవర్నరు హజ్జాజ్ హయాంలో వాటిని అరబ్బీలోకి మార్చారు. భాష మారినా ఆ ఉద్యోగాలు చేసేవారు మారలేదు. అరబ్బీ నేర్చుకుని అదే వర్గం దివాణాల్లో కొనసాగింది. 750లో ఖొరాసాన్ నుంచి లేచిన తిరుగుబాటు అబ్బాసీ వంశపు ఖలీఫాలను గద్దెనెక్కించాక వారి పలుకుబడి మరింత పెరిగింది. హారూన్ రషీద్ ఆస్థానంలో 803 దాకా చక్రం తిప్పిన బర్మకీ మంత్రులు బల్ఖ్ ప్రాంతపు బౌద్ధ విహారానికి అధిపతులుగా ఉన్న కుటుంబం నుంచి వచ్చినవారు.

మూడవది, తూర్పున సొంత రాజ్యాలు తలెత్తడం. బుఖారా రాజధానిగా 9, 10 శతాబ్దాల్లో ఏలిన సామానీలు ముస్లింలే, ఖలీఫా పట్ల గౌరవం చూపినవారే, అయినా ఆస్థానంలో ఫార్సీ కవులను పోషించారు. రూదకీ ఆ కొలువులోని కవే. అంటే ఇస్లాంను ఫార్సీలో చెప్పవచ్చుననీ, ఫార్సీని అరబ్బీ లిపిలో రాయవచ్చుననీ ఒక ప్రభుత్వమే ఆచరించి చూపింది. ఈజిప్టులోని కాప్టిక్‌కూ, సిరియాలోని అరామిక్‌కూ అటువంటి రాజాశ్రయం దొరకలేదు. అవి ప్రధానంగా చర్చి భాషలుగా మిగిలిపోయాయి.

ఈ నేపథ్యంలోనే తూస్ పట్టణవాసి ఫిర్దౌసీ దాదాపు 50,000 ద్విపదల 'షానామా'ను 1010లో ముగించాడు. పురాణ రాజుల నుంచి యజ్దగర్ద్ మరణం దాకా సాగే ఆ కావ్యంలో అరబ్బీ మాటలు చాలా తక్కువ. భుజాల మీద పాములు మొలిచి, వాటికి మనుషుల మెదళ్లు మేతగా వేసే క్రూరరాజు జహ్హాక్ అందులో అరబ్బు. ఓటమి తాలూకు కడుపుమంట ఎంత కాలం నిలిచిందో ఆ పాత్ర ఒక్కటి చూస్తే చాలు. టీ దుకాణాల్లో నఖ్ఖాల్ అనే కథకుడు చేతికర్ర ఆడిస్తూ, పాత్రకొక గొంతు పెడుతూ ఆ కథలు చెప్పడం తరతరాలుగా వస్తున్న వృత్తి. ఫార్సీని ఫిర్దౌసీ ఒక్కడే బతికించాడని ఇరాన్‌లో చాలామంది నమ్ముతారు. మేము మాత్రం ఆ ఘనతలో సగమైనా పేరు తెలియని గుమాస్తాలకూ బుఖారా కొలువుకూ ఇస్తాము.

ఇక్కడ మరొకటి కూడా గమనించాలి. ఇదంతా ఒకవైపు ప్రతిఘటన మాత్రమే అయితే, అరబ్బీ వ్యాకరణానికి పునాది గ్రంథం రాసినవాడు పారశీకుడు కావడం జరిగేది కాదు. 8వ శతాబ్దపు సీబవైహ్ అరబ్బీ నేర్చుకుని, ఆ భాష పుట్టుకతో వచ్చినవారికే దాని నియమాలు చెప్పాడు. మన పంచతంత్రం ససానియన్ చక్రవర్తి ఖుస్రో కాలంలో పహ్లవీ అనే నాటి పారశీక భాషలోకి వెళితే, అక్కడి నుంచి దానిని అరబ్బీలోకి తెచ్చిన ఇబ్నుల్ ముఖఫ్ఫా కూడా పారశీకుడే. ఆ అనువాదం అరబ్బీ గద్యానికి ఆదర్శమయింది. మన పాఠాల్లో అరబ్బు వైద్యుడుగా కనిపించే ఇబ్న్ సీనా బుఖారా దగ్గర పుట్టి, హమదాన్‌లో కన్నుమూసిన పారశీకుడు. ఎక్కువగా అరబ్బీలో రాశాడు, అంతే.

ప్రశ్న: మా హైదరాబాదులో బార్కస్‌లో ఉండేవారిని అరబ్బులంటారు, చాయ్ హోటళ్ల వారిని ఇరానీలంటారు. ఇద్దరూ నిజాం కాలంలో ఒకే చోటు నుంచి వచ్చినవారేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: కారు. బార్కస్ అరబ్బులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చినవారి సంతతి. వారిని చావూష్‌లని కూడా అంటారు, బార్కస్ అన్న పేరే సైనికుల బ్యారక్స్ నుంచి పుట్టింది. పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వారిలో నుంచి వచ్చినదే. ఇప్పుడు గుంటూరు నుంచి కరీంనగర్ దాకా బోర్డులెక్కిన మండీ హద్రమౌత్ వంటకం కాబట్టి, దానికి 'అరేబియన్' అని తగిలించడంలో తప్పులేదు.

ఇరానీ హోటళ్లు పెట్టినవారు యజ్ద్ మొదలైన ప్రాంతాల నుంచి బొంబాయి, పుణేల మీదుగా వచ్చారు. వారిలో ముస్లింలూ ఉన్నారు, ఇస్లాంకు ముందరి ఇరాన్ మతాన్ని పాటించే జొరాస్ట్రియన్లూ ఉన్నారు. అయితే మీరు తాగే ఇరానీ చాయ్ ఇరాన్‌లో దొరకదు. అక్కడ పాలు కలపని నల్లటి టీని చిన్న గాజు గ్లాసులో పోసుకుని, చక్కెర బిళ్లను పళ్ల మధ్య పెట్టుకుని తాగుతారు. డికాక్షన్‌కు దమ్ము పట్టించి, విడిగా చిక్కగా మరిగిన పాలు పోయడం హైదరాబాదు పద్ధతి. రంజాన్ నెలలో ఆ హోటళ్ల ముందే బట్టీలు పెట్టి అమ్మే హలీం అరబ్బుల హరీస్ నుంచి వచ్చింది. అరబ్బు వంటకం ఇరానీ హోటల్లో తెలుగువారికి చేరిందన్న మాట.

ఇరాన్‌తో ఈ నగరానికి ఉన్న బంధం హోటళ్లకంటే చాలా పాతది. కుతుబ్‌షాహీ వంశకర్త సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చాడు. 1591 నాటి నగర నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించిన మీర్ మోమిన్ అస్త్రాబాద్ వాడు. పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్ శ్మశానవాటిక ఆయన పేరుతోనే ఉంది. ఆ సుల్తానుల ఫర్మానులు కొన్ని ఫార్సీ, తెలుగు రెండింటిలోనూ కనిపిస్తాయి.

ప్రశ్న: ఇరానీలు షియాలు, అరబ్బులు సున్నీలు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: సరిపోదు, పరీక్షలో మార్కులు కూడా పోతాయి. ఇరాక్ అరబ్బుల్లో షియాలదే ఆధిక్యం. బహ్రెయిన్‌లో, లెబనాన్‌లో, సౌదీ తూర్పు తీరంలో అరబ్బు షియాలు గణనీయంగా ఉన్నారు. ఒమన్‌లో ఈ రెండూ కాని ఇబాదీ శాఖ ఉంది. ఇరాన్‌లో బలూచీలు, తుర్కమెన్లు, కుర్దుల్లో అధికభాగం సున్నీలు. పైగా ఇరాన్‌కు షియా మతం రాజమతంగా వచ్చిందే 1501లో, సఫావీ షా ఇస్మాయిల్ ప్రకటనతో. అంతకుముందు అక్కడ అత్యధికులు సున్నీలు. ఆ కొత్త మతాన్ని బోధించడానికి సఫావీలు పండితులను రప్పించుకున్నది లెబనాన్‌లోని జబల్ ఆమిల్ నుంచి, అంటే అరబ్బుల దగ్గర నుంచే. నేటికి వస్తే, ఇరాక్‌లోని నజఫ్‌లో దశాబ్దాల పాటు అరబ్బు షియాలు అత్యున్నత మతగురువుగా గౌరవించిన ఆయతుల్లా అలీ సిస్తానీ పుట్టింది ఇరాన్‌లోని మష్‌హద్‌లో.

మతమూ జాతీ ఢీకొన్నప్పుడు ఏది నెగ్గుతుందో 1980–88 ఇరాన్–ఇరాక్ యుద్ధం కొంత చూపింది. సద్దాం హుస్సేన్ ఆ యుద్ధానికి 'సద్దాం ఖాదిసియ్యా' అని పేరు పెట్టి, పదమూడు శతాబ్దాల నాటి అరబ్బు విజయాన్ని మళ్లీ జరుపుతున్నట్టు ప్రచారం చేశాడు. ఇరాన్‌లోని ఖుజిస్తాన్ అరబ్బులు తన సైన్యానికి స్వాగతం పలుకుతారని ఆశించాడు, అది పెద్దగా జరగలేదు. తోటి షియాల మీద తుపాకి ఎత్తరని ఇరాన్ ఆశపడిన ఇరాక్ షియా సైనికులూ ఎనిమిదేళ్లు పోరాడారు. అరబ్బు జాతీయవాదాన్నే నినాదంగా పెట్టుకున్న సిరియా మాత్రం ఇరాన్ పక్షాన నిలిచింది, అది సద్దాం మీది కక్షతో.

ప్రశ్న: మా ఆఫీసులో ఇరాన్ నుంచి వచ్చిన ఒకాయన తాను 'పర్షియన్' అంటారు. అదే దేశం నుంచి వచ్చిన ఒకావిడ "నేను ఇరానియన్‌నే గానీ పర్షియన్‌ను కాదు" అంటారు. ఇద్దరిలో ఎవరిది నిజం?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఇద్దరిదీ నిజమే కావచ్చు. ఇరానీ అన్నది దేశస్థుల పేరు. పర్షియన్లు, అంటే పారశీకులు, ఆ దేశంలోని అతి పెద్ద జాతి మాత్రమే. దాదాపు 9 కోట్ల జనంలో తుర్కీ భాష మాట్లాడే అజెరీలు, కుర్దులు, లూర్లు, గీలకీలు, బలూచీలు, అరబ్బులు, అర్మీనియన్లు ఉన్నారు. ఆవిడ బహుశా తబ్రీజ్ వైపు అజెరీ అయి ఉండవచ్చు. 2024లో అధ్యక్షుడిగా ఎన్నికైన మసూద్ పెజెష్కియాన్ కూడా అజెరీ మూలాలున్న వ్యక్తే. 2013 నుంచి 2023 దాకా ఇరాన్ జాతీయ భద్రతా మండలి కార్యదర్శిగా ఉన్న అలీ షంఖానీ ఖుజిస్తాన్ అరబ్బు. కాబట్టి "ఇరాన్ అరబ్బు దేశం కాదు" అనడం సరైనదే గానీ, "ఇరాన్‌లో అరబ్బులు లేరు" అనుకోవడం పొరపాటు. అహ్వాజ్ నగరంలో అరబ్బీ మాట్లాడే ఇరానీలు తరతరాలుగా ఉన్నారు. రాజ్యాంగం 15వ అధికరణం ఫార్సీని అధికార భాషగా ప్రకటిస్తే, 16వ అధికరణం బడుల్లో అరబ్బీని తప్పనిసరి చేసింది. అయితే అది ఖురాను భాషగా నేర్పే అరబ్బీయే తప్ప, అహ్వాజ్ పిల్లల మాతృభాషలో చదువు కాదు.

ఇక ఆయన 'పర్షియన్' అనడానికి అమెరికాలో ప్రత్యేక కారణం ఉంది. 1979 నవంబరులో టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి, సిబ్బందిని 444 రోజులు బందీలుగా ఉంచిన తర్వాత 'ఇరాన్' పేరెత్తితేనే అక్కడ ముఖాలు మాడేవి. 'పర్షియన్' అంటే తివాచీలు, పిల్లులు, కవిత్వం గుర్తుకు వస్తాయి. ఇంట్లో మాత్రం వారు తమ దేశాన్ని ఎప్పుడూ ఇరాన్ అనే పిలుచుకున్నారు. 1935లో అప్పటి రాజు రెజా షా చేసినదల్లా విదేశాలు కూడా ఆ పేరే వాడాలని కోరడం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. "మేము అరబ్బులం కాము" అన్న మాట కొందరి నోట వాస్తవంగా కాక, చులకనగా వస్తుంది. తాము ఆర్యులమనీ, ఎడారి వారు తమ నాగరికతను పాడుచేశారనీ చెప్పే ఆ ధోరణికి రెజా షా, ఆయన కొడుకు మొహమ్మద్ రెజా షాల పహ్లవీ రాజవంశం బాగా నీరు పోసింది. మొహమ్మద్ రెజా షా 1965లో 'ఆర్యమెహర్' (ఆర్యుల వెలుగు) అనే బిరుదు తగిలించుకున్నాడు, 1971లో ప్రాచీన రాజధాని పెర్సెపోలిస్ శిథిలాల దగ్గర 2,500 ఏళ్ల రాజరికానికి కళ్లు చెదిరే ఉత్సవం చేశాడు. తర్వాత వచ్చిన ఇస్లామిక్ ప్రభుత్వం ఆ గొప్పలను పక్కకు నెట్టింది గానీ, నౌరోజ్‌ను కదిలించలేకపోయింది. కొందరు మతపెద్దలు చిన్నచూపు చూసినా, వసంత విషువత్తు క్షణాన కొత్త సంవత్సరం మొదలవుతుంది, దేశం దాదాపు రెండు వారాలు సెలవు మూడ్‌లో ఉంటుంది, అధికారిక క్యాలెండరులో నెలల పేర్లు నేటికీ ఫర్వర్దీన్, ఖోర్దాద్ వంటి జొరాస్ట్రియన్ పేర్లే. మీ సహోద్యోగులిద్దరికీ మార్చి 20న శుభాకాంక్షలు చెప్పండి, ఇద్దరూ సంతోషిస్తారు.

ప్రశ్న: షార్జాలో ఓడ సరుకుల కంపెనీలో పనిచేస్తున్నాను. ఇక్కడ 'అరేబియన్ గల్ఫ్' అని రాయాలంటారు, ఇరాన్ కస్టమర్లు 'పర్షియన్ గల్ఫ్' అనకపోతే నొచ్చుకుంటారు. ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, షార్జా

జవాబు: పాత పేరు పర్షియన్ గల్ఫే. గ్రీకు, రోమన్ భూగోళ రచయితలే కాదు, మధ్యయుగపు అరబ్బు రచయితలు కూడా దానిని పారశీక సముద్రమన్నారు. ఐక్యరాజ్యసమితి పత్రాల్లో నేటికీ ఆ పేరే ఉంటుంది. 'అరేబియన్ గల్ఫ్' అన్నది 1950ల తర్వాత అరబ్బు జాతీయవాదంతో పాటు వాడుకలోకి వచ్చి, తీరంలోని అరబ్బు దేశాల్లో అధికార నామమయింది. ఇది చిన్న పట్టింపేమీ కాదు. టెహరాన్‌లో జరగవలసిన ఇస్లామిక్ సంఘీభావ క్రీడలు 2010లో రద్దయింది పతకాల మీదా, ప్రచార పత్రాల మీదా ఈ పేరు దగ్గర వచ్చిన తగవుతోనే. అదే ఏడాది, తమ గగనతలంలోకి వచ్చే విమానాల్లో ఆ పేరు వాడకపోతే నిషేధిస్తామని ఇరాన్ విదేశీ విమాన సంస్థలను హెచ్చరించింది.

మీరు ఉన్న దేశపు చట్టం ప్రకారం అక్కడి అధికారిక పత్రాల్లో అక్కడి పేరే రాయండి. ఇరాన్ కస్టమర్లకు పంపే ఉత్తరాల్లో అసలు గల్ఫ్ ప్రస్తావనే లేకుండా, బందర్ అబ్బాస్ నుంచి జెబెల్ అలీ దాకా అని రేవుల పేర్లు రాస్తే సరిపోతుంది.